ధ్యానానికి కూర్చుంటే ఆలోచనలు ఇంకా ఎక్కువవుతున్నాయి, మానేయాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: 6 నెలలుగా రోజూ పొద్దున్నే 20 నిమిషాలు శ్వాసను గమనిస్తూ కూర్చుంటున్నారు. మొదటి 2 వారాలు ఎంతో హాయిగా అనిపించింది. ఆ తర్వాత కూర్చున్న ప్రతిసారీ పాత గొడవలు, ఆఫీసు టెన్షన్, ఎప్పుడో ఎవరో అన్న మాటలు ఒకదాని వెనక ఒకటి వచ్చి పడుతున్నాయి. లేచేసరికి కూర్చోకముందు కంటే చిరాకుగా ఉంటోంది. "ఇది నా తత్వానికి పడదేమో, మానేయమంటారా?" అన్నారు.

మానేయకండి. మీకు ఆలోచనలు పెరగలేదు. ఇన్నేళ్లుగా లోపల నడుస్తున్నవే ఇప్పుడు మీ కంటపడుతున్నాయి. అయితే మీ ప్రశ్నలో ఒక మాట ఉంది, "ఆలోచన రాగానే దాన్ని తోసేసి మళ్లీ శ్వాస మీదకి వస్తున్నాను" అని. మీ చిరాకు చాలావరకు ఆ తోసేయడంలోంచే పుడుతోందని నేను అనుకుంటున్నాను. తిరిగి వచ్చే పద్ధతి మార్చుకోండి, ధ్యానం మానొద్దు. దీనికి ఒక మినహాయింపు ఉంది. అది కింద చెప్తాను, ఆ భాగం మాత్రం దాటేయకుండా చదవండి.

నేను 19 ఏళ్లుగా ఈ సాధనలో ఉన్నాను. శాంతి కోసమో, జ్ఞానం కోసమో వచ్చినదాన్ని కాదు, నిద్ర పట్టక వచ్చాను. రాత్రి రెండింటికి మెలకువ వచ్చేది. పగలు ఎవరితోనో జరిగిన మాటామాటా అప్పుడు మళ్లీ మొదలయ్యేది. నేను అనాల్సిన జవాబులన్నీ ఒక్కొక్కటిగా తయారయ్యేవి, తెల్లారేదాకా అదే వాదన. తెలిసినావిడ ఒకరు పది రోజుల విపశ్యన ధ్యాన శిబిరానికి వెళ్లి రమ్మన్నారు. తెల్లవారుజామున నాలుగింటికి లేవడం, తొమ్మిది రోజులు మౌనం, మొదటి మూడు రోజులూ కేవలం ముక్కు దగ్గర ఊపిరిని గమనించడం. మీరిప్పుడు రాసినదంతా నాకు అక్కడ రెండో రోజే జరిగింది. నాకున్నంత గోల ఇంకెవరికీ ఉండదని, హాల్లో మిగతావాళ్లందరూ ప్రశాంతంగా కూర్చున్నారని గట్టిగా నమ్మాను. మౌనం విప్పిన రోజు మాట్లాడుకుంటే అందరిదీ అదే కథ.

ఇక్కడ ఒక పదం గురించి చెప్పాలి, ఎందుకంటే నాకు దారి మళ్లింది ఆ పదం అర్థమయ్యాకే. మనం మైండ్‌ఫుల్‌నెస్ అంటున్నది పాత బౌద్ధ గ్రంథాల భాష అయిన పాళీలో "సతి". 1881లో రీస్ డేవిడ్స్ అనే బ్రిటిష్ పండితుడు బౌద్ధ సుత్తాలను, అంటే బుద్ధుడి బోధలను, ఇంగ్లీషులోకి తెచ్చినప్పుడు సతికి ఆ మాట వాడాడు, అదే ప్రపంచమంతా స్థిరపడింది. సంస్కృతంలో అది "స్మృతి", అంటే గుర్తు. తెలుగులో మనకు "ఎరుక" అనే చక్కటి మాట ఉంది, కానీ "గుర్తు" అనే అర్థాన్ని కూడా పక్కన పెట్టుకుంటే సాధనలో ఎక్కువ పనికొస్తుంది. మనసు ఎక్కడికో వెళ్లిపోయింది. దానికి కూడా మనకు మంచి మాటే ఉంది, పరధ్యానం. ఆ పరధ్యానంలో ఉండగా, ఎవరూ పిలవకుండానే, "అరె, నేను ఊపిరిని గమనిస్తూ కూర్చున్నాను కదా" అని గుర్తొస్తుంది. ఆ గుర్తు రావడమే సతి. 20 నిమిషాల్లో 30 సార్లు తప్పిపోయి 30 సార్లు గుర్తొచ్చిందంటే 30 సార్లు సతి పుట్టింది. మీరు వాటిని 30 ఓటములుగా లెక్కేసుకుంటున్నారు, అందుకే లేచేసరికి చిరాకు.

బుద్ధుడి బోధల సంకలనాల్లో ఒకటైన సంయుత్త నికాయంలో దీనికి ఒక ఉపమానం ఉంది, నాకు చాలా ఇష్టం. పామును, మొసలిని, పక్షిని, కుక్కను, నక్కను, కోతిని పట్టుకొచ్చి ఒకదానికొకటి తాళ్లతో ముడేసి వదిలితే ఏమవుతుంది? పాము పుట్ట వైపు, మొసలి నీళ్ల వైపు, పక్షి ఆకాశంలోకి, కుక్క ఊళ్లోకి, నక్క శ్మశానానికి, కోతి అడవికి లాగుతాయి. ఎప్పుడు దేనికి బలముంటే మిగతావన్నీ దాని వెంట పోతాయి. అదే వాటన్నిటినీ ఒక గట్టి గుంజకు కట్టేస్తే కాసేపు లాగి లాగి అలిసిపోయి ఆ గుంజ పక్కనే నిలబడతాయి, కూర్చుంటాయి, పడుకుంటాయి. ఆ ఆరూ మన కన్ను, చెవి, ముక్కు, నాలుక, ఒళ్లు, మనసు. గుంజ అంటే శరీరం మీద నిలిపిన ఎరుక. గుంజ ఏ జంతువునూ కొట్టదు, అరవదు, తోసేయదు. అది చేసే పని కదలకుండా ఉండటమొక్కటే.

మీరిప్పుడు గుంజ పని వదిలేసి కర్ర పట్టుకుని జంతువుల వెంట పరిగెడుతున్నారు.

రేపు పొద్దున కూర్చున్నప్పుడు ఒకటి చూడండి. ఆలోచనలో ఉన్నానని తెలిసిన వెంటనే ఒంట్లో ఏం జరుగుతోందో గమనించండి. నా విషయంలో కనుబొమల మధ్య చిన్న బిగింపు వచ్చేది. పై పళ్లు కింది పళ్లకు ఆనేవి. ఊపిరి సగంలో ఆగేది, తర్వాత "సరే మొదలుపెట్టు" అన్నట్టు ఒక బలవంతపు ఊపిరి. ఇదంతా ఒకటి రెండు సెకన్లలో అయిపోతుంది. 20 నిమిషాల్లో 30 సార్లు ఇలా జరిగితే తలనొప్పి రాకుండా ఎలా ఉంటుంది? ఈ బిగింపు నాకు కనపడటానికే దాదాపు ఏడాది పట్టింది, మీకు ముందే చెప్తున్నాను కాబట్టి అంత పట్టదు.

ఇప్పుడు నేను తిరిగొచ్చే పద్ధతి చెప్తాను. గుర్తొచ్చిందా, అక్కడే ఒక్క క్షణం ఆగుతాను. శ్వాస మీదకి ఉరకను. మనసులో మెల్లగా "ఆలోచన" అనుకుంటాను. ఆ ఆలోచన దేని గురించో, మంచిదో చెడ్డదో అక్కర్లేదు, పేరు పెట్టి వదిలేయడమే. తర్వాత దవడ వదులు చేస్తాను. ఆ తర్వాత వచ్చే నిశ్వాస, అంటే బయటికి పోయే ఊపిరి, దాన్ని అందుకుంటాను. లోపలికి వచ్చే ఊపిరిని అందుకోవాలని చూస్తే మనకు తెలియకుండానే లాగుతాం. బయటికి పోయేది దానంతటది పోతుంది, పై పెదవి మీద కొంచెం వెచ్చగా తగులుతుంది. అది పూర్తయ్యాక చిన్న ఖాళీ, ఆ తర్వాత లోపలికి వచ్చే గాలి ముక్కుపుటాల అంచున చల్లగా. అంతే. ఆ ఒక్క ఊపిరీ చాలు, రెండోది దాని సంగతి అది చూసుకుంటుంది.

మనసు మరీ చెదిరి ఉన్న రోజున లెక్క పెట్టుకోండి. 5వ శతాబ్దంలో బుద్ధఘోషుడనే బౌద్ధ పండితుడు రాసిన విశుద్ధిమార్గం అనే సాధన గ్రంథంలో దీనికి కొలత కూడా ఉంది: ఐదుకి తగ్గొద్దు, పది దాటొద్దు. ఐదుకి తగ్గితే ఇరుకు దొడ్లో కుక్కిన పశువుల్లా మనసు గింజుకుంటుందట, పది దాటితే శ్వాసను వదిలేసి అంకెల్ని పట్టుకుంటుందట. 1500 ఏళ్ల కిందటి మాట, నేను రెండూ చేసి చూశాను, అక్షరాలా నిజం. మూడు దాకా లెక్కపెట్టిన రోజుల్లో ఊపిరాడనట్టు ఉండేది, వంద దాకా పోయిన రోజుల్లో 74, 75 అని నోరు చెప్తూనే ఉండేది, మనసు మాత్రం ఇంకెక్కడో ఉండేది.

పాత గొడవలే ఎందుకు పైకి వస్తున్నాయన్నారు. దీనికి జవాబు "వేదన" అనే మాటలో ఉంది. తెలుగులో వేదన అంటే బాధ. బుద్ధుడు వాడిన వేదన అంటే బాధ ఒక్కటే కాదు, ఏది తగిలినా ఒంట్లో, మనసులో కలిగే తొలి అనుభూతి. సుఖం, దుఃఖం, రెండూ కానిది, మూడే రకాలు. ఎరుకను దేని మీద నిలపాలో చెప్పే సతిపట్ఠాన సుత్తంలోని నాలుగింటిలో కాయం (ఒళ్లు) తర్వాత రెండోది ఇదే, తర్వాత చిత్తం (మనసు), ధమ్మాలు (మనసుకు తోచే విషయాలు). వేదన వల్ల తృష్ణ పుడుతుందని, అంటే "ఇంకా కావాలి" లేదా "ఇది వద్దు" అనే లాగుడు పుడుతుందని ప్రతీత్యసముత్పాదం, అంటే ఒకదాని వల్ల ఒకటి పుడుతుందనే బౌద్ధ సూత్రం, చెప్తుంది. మొత్తం సాధనలో మన చెయ్యి పెట్టగలిగే చోటు ఈ రెండింటి మధ్యే. చదివితే ఇది తత్వంలా ఉంటుంది. నాకు మోకాలు నేర్పింది.

నేను వెళ్లిన శిబిరంలో నాలుగో రోజు తర్వాత రోజుకు మూడు సార్లు, గంట చొప్పున, కాళ్లూ చేతులూ కదపకుండా, కళ్లు తెరవకుండా కూర్చోవాలి. ఆరో రోజు మధ్యాహ్నం, సుమారు 40 నిమిషాలు అయి ఉంటుంది, కుడి మోకాలి లోపలి వైపు నిప్పు పెట్టినట్టుంది. చెమటలు పట్టాయి. కదలాలి అనుకున్నాను, కదలకముందు ఒక్కసారి అసలు ఏముందో చూద్దామనిపించింది. దగ్గరికి వెళ్లి చూస్తే "నొప్పి" అనే ఒక్క వస్తువు అక్కడ లేదు. ఒకచోట వేడి. దాని పక్కన లాగుతున్నట్టు. మధ్యలో రూపాయి బిళ్లంత చోట సూదులతో పొడిచి తీస్తున్నట్టు, అది కూడా ఆగి ఆగి. ఆగిన క్షణాల్లో అక్కడ ఏమీ లేదు. మరి చెమట దేనికి? "ఇంకా 20 నిమిషాలుంది, కాలు పాడైపోతుంది" అనే భయానికి. బుద్ధుడు చెప్పిన రెండు బాణాల మాట అప్పుడు అర్థమైంది. మొదటి బాణం ఒంటికి తగులుతుంది, దాన్ని తిట్టుకుంటూ ఏడుస్తూ మనసుకు మనమే రెండోది గుచ్చుకుంటాం. ఆ రోజు మొదటి బాణం అలాగే ఉంది, రెండోది కాసేపు లేదు. మోకాలు నెప్పెడుతూనే ఉంది, నాకు ఏడుపు రాలేదు. (ఇది చదివి మీరు ఇంట్లో మోకాళ్లు పణంగా పెట్టకండి. కీళ్ల సమస్య ఉంటే కుర్చీలో కూర్చోండి. సుత్తంలో నడక, నిలబడటం, కూర్చోవడం, పడుకోవడం నాలుగూ చెప్పారు, పద్మాసనానికి ప్రత్యేక పుణ్యం లేదు.)

ఇంటికొచ్చాక ఇది పనిచేసిందా అంటే, వెంటనే లేదు. రెండేళ్ల తర్వాత ఒక సాయంత్రం మా చెల్లి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది, నాన్న ఆస్పత్రి విషయంలో. "నువ్వెప్పుడూ ఇంతేగా అక్కా" అని. చదవగానే పక్కటెముకల కింద వేడి ఆవిరి పైకి లేచినట్టయింది, బొటనవేలు అప్పటికే జవాబు కొట్టడం మొదలెట్టింది. నాలుగు మాటలు పడ్డాయి. అప్పుడు ఎందుకో ఆ వేడి తెలిసింది. "మంట" అనుకున్నాను. మోకాలి దగ్గర చూసినట్టే చూశాను, గొంతు దాకా వచ్చి కొంచెం కొంచెంగా దిగింది. ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టి లేచాను. పొద్దున ఫోన్ చేస్తే చెల్లి రెండు రాత్రులుగా నిద్రపోలేదని తెలిసింది. ఆ నాలుగు మాటలూ వెళ్లి ఉంటే మేమిద్దరం ఎన్నాళ్లు మాట్లాడుకునేవాళ్లం కాదో. మీరు పొద్దున్నే 20 నిమిషాలు కూర్చుని చేస్తున్నది ఈ క్షణం కోసం తయారీ. అందుకే పాత గొడవలు రావడం నష్టం కాదంటున్నాను. గొడవ గుర్తుకొచ్చినప్పుడు కథ వెనక పోకుండా ఒంట్లో అది ఎక్కడ తగులుతోందో చూడండి, ఛాతీలోనా, కడుపులోనా, గొంతులోనా.

కొన్ని గొడవలు మాత్రం వేరే రకం. అవి మనసు చేసే అల్లరి కావు, మనం చేయాల్సిన పని మిగిలి ఉందని చెప్పడానికి వస్తాయి. ఒకప్పుడు మూడు వారాల పాటు కూర్చున్న ప్రతిసారీ నాతో పనిచేసిన ఒకామె ముఖం వచ్చేది. నలుగురిలో ఆమె గురించి నేనొక అబద్ధం చెప్పాను. ఎంత శ్వాస చూసినా అది పోలేదు. వెళ్లి ఒప్పుకుని క్షమాపణ అడిగాను, ఆ తర్వాత రాలేదు. ధ్యానం నేర్పే ముందు పంచశీలాలు, అంటే చంపకపోవడం, అబద్ధమాడకపోవడం లాంటి ఐదు నియమాలు, తీసుకోమనేది ఇందుకే. 1979లో జాన్ కబాట్-జిన్ అనే శాస్త్రవేత్త అమెరికాలో ఆసుపత్రి రోగుల కోసం కొన్ని వారాల మైండ్‌ఫుల్‌నెస్ కోర్సు మొదలుపెట్టాక ఈ సాధన మతంతో సంబంధం లేకుండా లక్షల మందికి చేరింది, ఎంతో మేలు జరిగింది. కానీ ఇవాళ యాప్‌లలో దొరికేదాంట్లో శీలం మాట సాధారణంగా వినపడదు. పగలంతా ఎలా నడుచుకున్నామన్నది పొద్దున ఆసనం మీద మన పక్కనే కూర్చుంటుంది.

ఇప్పుడు ఆ మినహాయింపు.

మా అమ్మ పోయిన మూడో నెలలో దుఃఖం తట్టుకోలేక రోజుకు రెండు గంటలు కూర్చోవడం మొదలుపెట్టాను. నిద్ర మూడు గంటలకు పడిపోయింది. మనుషులు మాట్లాడుతుంటే అద్దం అవతల నుంచి చూస్తున్నట్టుండేది, నా చేతులు నావి కావనిపించేది. అది లోతైన ధ్యానమనుకుని ఇంకా ఎక్కువ కూర్చున్నాను, పెద్ద పొరపాటు చేశాను. నాకంటే ఎంతో సీనియర్ సాధకురాలు ఒకరు విషయం విని, "కళ్లు మూసుకోవడం ఆపెయ్. నడువు. పాదాలు నేలకు తగలడం చూడు. డాక్టర్ దగ్గరికి వెళ్లు" అన్నారు. మూడూ చేశాను. ఏడు వారాలు అసలు కూర్చోలేదు.

ధ్యానం అందరికీ అన్ని వేళలా మంచే చేస్తుందని సంప్రదాయం ఎప్పుడూ అనలేదు. వైశాలిలో దేహం అశుభమని భావన చేస్తూ కొందరు భిక్షువులు తమ శరీరం మీద రోత ముదిరి ప్రాణాలు తీసుకున్నారని, అది తెలిశాకే బుద్ధుడు మిగిలినవారికి ఆనాపానసతి, అంటే శ్వాస మీద ఎరుక, నేర్పాడని భిక్షువుల నియమాల గ్రంథమైన వినయ పిటకంలోనే ఉంది. కాబట్టి మీకు వరసగా రోజుల తరబడి నిద్ర తగ్గినా, ఒళ్లు మీది కానట్టు అనిపిస్తున్నా, పాత భయంకరమైన సంఘటన ఏదైనా ఇప్పుడే జరుగుతున్నట్టు కళ్ల ముందుకొచ్చినా, బతకాలని లేదనిపించినా కూర్చోవడం వెంటనే ఆపి డాక్టర్‌ను కలవండి. ఇప్పటికే మందులు వాడుతుంటే ధ్యానాన్ని నమ్ముకుని వాటిని మానొద్దు. మీరు రాసింది చిరాకు, టెన్షన్ మాత్రమే. అందుకే మానొద్దన్నాను. రాయనిది ఇంకేమైనా ఉంటే అది మీకే తెలుసు.

చివరిగా ఆ మొదటి 2 వారాల హాయి గురించి. "అది మళ్లీ ఎలా తెచ్చుకోవాలి?" అని కూడా అడిగారు. దాన్ని వెతక్కండి. నాకు రెండో ఏడాదిలో ఒక రోజు ఒళ్లంతా దూదిలా తేలికై, కళ్ల నీళ్లొచ్చేంత ఆనందం కలిగింది. పాళీలో దీన్ని "పీతి" అంటారు, సాధనలో సహజంగానే వస్తుంది, పోతుంది. నేను మాత్రం అదే గది, అదే వేళ, అదే దుప్పటి పెట్టుకుని 8 నెలలు దానికోసమే కూర్చున్నాను. ఒక్కసారి కూడా రాలేదు. ఆ 8 నెలలూ నేను శ్వాసను చూడలేదు, నా జ్ఞాపకాన్నే చూస్తూ కూర్చున్నాను. పాదాలు నెత్తురోడేదాకా నడుస్తూ సాధన చేసి, ఇక ఇంటికి పోదామనుకున్న సోణుడు అనే భిక్షువును బుద్ధుడు అడిగింది కూడా ఇదే సంగతి: "నువ్వు వీణ వాయించేవాడివి కదా, తీగ మరీ బిగిస్తే పలికిందా? మరీ వదులు చేస్తే పలికిందా?" మీ తీగ ప్రస్తుతం బిగుతుగా ఉంది.

కాబట్టి వచ్చే 2 వారాలు 20 నిమిషాలు వద్దు, 12 చేయండి. అందులో మొదటి 3 నిమిషాలు శ్వాస కూడా వద్దు. ఒళ్లు కింద ఆనిన చోట్లు, అరచేతులు, దవడ, ఇవి చూసుకోండి. తర్వాత ఐదు నుంచి పది లోపు లెక్కతో ఊపిరి. సాయంత్రం ఒక 5 నిమిషాలు గదిలో ఈ చివరి నుంచి ఆ చివరకు మెల్లగా నడవండి, కళ్లు తెరిచే. లేవగానే ఒక కాగితం మీద రెండే రాయండి: తిరిగొచ్చినప్పుడు ఒంట్లో ఏది బిగిసింది, లేచాక మొదట ఎవరితో మాట్లాడారు, ఎలా మాట్లాడారు. 2 వారాల తర్వాత ఆ కాగితం చూసి ఇక్కడ రాయండి. బిగింపు నుదుట ఉంటే ఒక సలహా, ఛాతీలో ఉంటే ఇంకొకటి, అప్పుడు చెప్తాను.